ఒకే డ్రోన్, ఐదు ఫిర్యాదులు: ఒక రిపేరు కేసు పూర్తి వివరాలు

“డ్రోన్ పిచ్చిపిచ్చిగా ఎగురుతోంది” అంటూ మా బెంచీ మీదికి వచ్చే యంత్రాల్లో ఎక్కువవాటికి లోపం ఒక్కటే ఉంటుంది. ప్రాప్ (ప్రొపెల్లర్) అంచు విరిగి ఉంటుంది, లేదా మోటార్ బేరింగ్ పోయి ఉంటుంది. మార్చి పంపేస్తాం. ఇప్పుడు చెప్పబోయే కేసు అలాంటిది కాదు. ఇందులో నాలుగు లోపాలు ఒకేసారి ఉన్నాయి. ఒకదాని లక్షణాలు ఇంకొకదాని లక్షణాల్లో కలిసిపోయి, ఏది ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా చేశాయి. మా దగ్గరికి రాకముందే దీనికి జీపీఎస్ మాడ్యూల్ మారింది, ప్రాప్‌లు మారాయి, పీఐడీ విలువలు (డ్రోన్ తనను తాను ఎంత గట్టిగా సరిచేసుకోవాలో చెప్పే అంకెలు) మారాయి. కంపాస్ కాలిబ్రేషన్ సంగతి సరేసరి. ఇన్ని మారినా ఫిర్యాదు మాత్రం మారలేదు.

ముందు యంత్రం గురించి. సర్వే ఫొటోలు తీసే క్వాడ్, అంటే నాలుగు మోటార్ల డ్రోన్. ఎదురెదురు మోటార్ల మధ్య దూరం 650 మిల్లీమీటర్లు, ఆర్మ్‌లు గుండ్రటి కార్బన్ గొట్టాలు, 15 అంగుళాల ప్రాప్‌లు, 6ఎస్ (ఆరు సెల్‌ల) లైపో బ్యాటరీ. కెమెరాతో కలిపి బరువు 4 కిలోలకు కాస్త అటూఇటూ. ఫ్లైట్ కంట్రోలర్‌లో (మోటార్లను నడిపించే చిన్న కంప్యూటర్‌లో) నడిచే సాఫ్ట్‌వేర్ ఆర్డుపైలట్. ఆర్డుపైలట్ ఎక్స్ ఆకారపు క్వాడ్‌లో మోటార్ల అంకెలు గుండ్రంగా వరసలో ఉండవు: 1 ముందు కుడి, 2 వెనుక ఎడమ, 3 ముందు ఎడమ, 4 వెనుక కుడి. 1, 2 అపసవ్య దిశలో తిరుగుతాయి. 3, 4 సవ్య దిశలో. ఈ అంకెలు కింద పదేపదే వస్తాయి. కాగితం మీద ఓసారి గీసుకుంటే చదవడం తేలిక.

ఫిర్యాదును విడదీయడం

యజమానే పైలట్. అనుభవం ఉన్నవాడు. ఆయన చెబుతుంటే అంతా ఒకే కథలా వినిపించింది: పైకి లేపితే ముక్కు తిరుగుతుంది, ఉన్నట్టుండి ఒరుగుతుంది, చుట్టలు చుడుతుంది, దానంతట అదే ఎక్కుతుంది, దింపుతుంటే ఊగుతుంది.

“ఇవన్నీ ఒకే ఫ్లైట్‌లో జరిగాయా సార్?”

“లేదండీ, ఒక్కోసారి ఒక్కోటి. ఒరగడం మాత్రం ఎప్పుడో గానీ రాదు. వచ్చిందంటే గుండె ఆగినంత పనవుతుంది. మీరు కంపాస్ మళ్ళీ ఒకసారి కాలిబ్రేట్ చేసి చూడకూడదూ?”

“చూద్దాం సార్. ముందు మెమరీ కార్డు ఇవ్వండి.”

ఒక్కోసారి ఒక్కోటి అన్న ఆ మాటే అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. కారణం ఒక్కటే అయితే లక్షణాలు జట్టుగా వస్తాయి. విడివిడిగా వస్తున్నాయంటే విడివిడిగానే వెతకాలి. అందుకే ప్రతి ఫిర్యాదుకూ అవే ప్రశ్నలు అడిగాను: అప్పుడు ఏ మోడ్‌లో ఉంది, థ్రాటిల్ ఎంతలో ఉంది, గాలి ఉందా, కెమెరా తగిలించి ఉందా, ఇది ఎప్పటినుంచి?

జవాబులు ఇలా తేలాయి. గట్టిగా పైకి లేపినప్పుడు ముక్కు ఎడమవైపు తిరుగుతోంది, థ్రాటిల్ తగ్గించగానే ఆగుతోంది. ముందు కుడి మూల ఒక్కసారిగా కుంగి మళ్ళీ లేస్తోంది, దానికి వేళాపాళా లేదు. లాయిటర్‌లో (జీపీఎస్ సాయంతో ఉన్నచోటే నిలిచే మోడ్‌లో) నిలబెడితే చుట్టలు తిరుగుతోంది, గాలి ఉన్నప్పుడు, కెమెరా బరువు ఉన్నప్పుడు మరీ ఎక్కువ. వేగంగా ముందుకు పోయేటప్పుడు తనంతట తాను కొన్ని మీటర్లు పైకి ఎగబాకుతోంది. నిట్టనిలువుగా దింపితే ఊగుతోంది.

“ఎప్పటినుంచి” అన్న ప్రశ్నకు మొదట సరైన జవాబు రాలేదు. కొంచెం కదిపితే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకరోజు ల్యాండింగ్ కాస్త గట్టిగా అయింది, కానీ ఏదీ విరగలేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత ఎక్కువసేపు ఎగరాలని పెద్ద బ్యాటరీ పెట్టారు. యజమానులు దాచిపెట్టి చెప్పకపోవడం కాదు ఇది. విరగని దెబ్బను ఎవరూ దెబ్బగా గుర్తుపెట్టుకోరు.

లాగ్‌లో మొదటి చూపు

లాగ్ (ఎగిరేటప్పుడు కంట్రోలర్ మెమరీ కార్డులో రాసుకునే రికార్డు) తెరవగానే గ్రాఫుల్లోకి దూకకుండా ముందు మెసేజ్‌ల వరస చదువుతాను. ఈ అలవాటు వల్ల ఎంత టైమ్ మిగులుతుందో చెప్పలేను. ఇందులో “యా ఇంబ్యాలెన్స్” హెచ్చరిక పదేపదే ఉంది (యా అంటే ముక్కు కుడిఎడమలకు తిరగడం). “వైబ్రేషన్ కాంపెన్సేషన్ ఆన్” అని కూడా ఉంది. కంట్రోలర్ తన బాధ తానే చెప్పుకుంటోంది. పైలట్ కళ్ళు గాల్లో ఉన్న డ్రోన్ మీద ఉంటాయి కాబట్టి స్క్రీన్ మీద పడే ఈ పసుపు అక్షరాలు ఎవరూ చదవరు.

తర్వాత, తేలిగ్గా తీసేయగలిగిన అనుమానాలను తీసేశాను. రిమోట్ నుంచి వచ్చే సిగ్నల్ చూస్తే, ముక్కు తిరిగినప్పుడూ మూల కుంగినప్పుడూ స్టిక్‌లు కదల్లేదు. కాబట్టి పైలట్ చేయి కాదు, రిమోట్‌లో పాడైన పొటెన్షియోమీటర్ కూడా కాదు. జీపీఎస్ 16కు పైగా ఉపగ్రహాలను చూస్తోంది, హెచ్‌డాప్ (స్థానం లెక్కలో పొరపాటుకు సూచీ, ఎంత తక్కువైతే అంత మంచిది) 1 కంటే తక్కువ. అంటే కొత్తగా కొన్న మాడ్యూల్‌కు వంక పెట్టడానికేమీ లేదు, తీసి పక్కన పెట్టిన పాతదానికీ బహుశా ఉండి ఉండదు. బ్యాటరీ, గట్టిగా పైకి లేపినప్పుడు కూడా సెల్‌కు 3.6 వోల్టుల కిందికి దిగలేదు, సెల్‌ల మధ్య తేడా లేదు. కంట్రోలర్‌కు అందే 5 వోల్టుల సప్లై కూడా 0.1 వోల్ట్ లోపలే ఊగుతోంది. ఇక్కడితో రేడియో, జీపీఎస్, బ్యాటరీ, పవర్ మాడ్యూల్ నాలుగూ జాబితాలోంచి పోయాయి. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

ముక్కు ఎడమకు ఎందుకు తిరుగుతోంది

మోటార్లకు వెళ్ళే ఆదేశాల గ్రాఫ్ చూడగానే ఈ సంగతి కనబడింది. గాలి లేకుండా, కదలకుండా హోవర్‌లో (గాల్లో ఒకచోట నిలిచి) ఉన్నప్పుడు నాలుగు గీతలూ దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. ఇక్కడ, 1000 నుంచి 2000 దాకా ఉండే ఆదేశపు కొలతలో, 1, 2 మోటార్లు 1640 దగ్గర, 3, 4 మోటార్లు 1430 దగ్గర ఉన్నాయి. ముందు రెండూ ఎక్కువ, వెనుక రెండూ తక్కువ అయితే బరువు ముందుకు ఉందని అర్థం. కుడి, ఎడమల మధ్య తేడా ఉంటే బరువు పక్కకు ఉందని. ఇలా మూలకు మూల జతగా తేడా వస్తే అది బరువు వల్ల కాదు, యంత్రాన్ని ఏదో మెలిపెడుతోందని అర్థం.

అపసవ్యంగా తిరిగే ప్రాప్, బాడీని సవ్యదిశలో తోస్తుంది. కంట్రోలర్ 1, 2లను ఎక్కువ తిప్పుతోందంటే, బాడీని కుడివైపు తిప్పడానికి ఎప్పుడూ శక్తి పెడుతోందన్నమాట. అంటే ఏదో ఒకటి దాన్ని ఎడమవైపు లాగుతోంది. హోవర్‌లో ఈ లాగుడును సరిచేయడానికి చోటుంది కాబట్టి బయటికి కనబడదు. గట్టిగా పైకి లేపితే 1, 2 మోటార్లు పైకప్పును, అంటే తమ గరిష్ఠ హద్దును, తాకేస్తాయి, ఇక ఎక్కువ తిప్పడానికి మిగలదు. ఆర్డుపైలట్ అలాంటప్పుడు రోల్, పిచ్‌లను (పక్కలకూ ముందువెనకలకూ ఒరగకుండా ఉండే అదుపును) కాపాడుకోవడానికి యాను వదులుకుంటుంది. ముక్కు ఎడమకు పోతుంది. థ్రాటిల్ తగ్గించగానే చోటు దొరికి మళ్ళీ నిలబడుతుంది. పైలట్ చెప్పినదానికి అచ్చంగా సరిపోయింది.

బెంచీ మీద డ్రోన్‌ను సమంగా నిలిపి, ప్రాప్‌లు తీసేసి, ఒక్కో మోటార్ తల మీద డిజిటల్ లెవెల్ పెట్టాను. మూడు మోటార్లు అర డిగ్రీ లోపల ఉన్నాయి. వెనుక ఎడమది, అంటే 2, తోకవైపు 4 డిగ్రీలు వాలి ఉంది. గుండ్రటి గొట్టం తన క్లాంప్‌లో తిరిగిపోయింది. గొట్టం మీద సన్నటి మసిలాంటి కార్బన్ పొడి, క్లాంప్ అంచు వెంట మెరుస్తున్న రాపిడి గీత. ఆ గట్టి ల్యాండింగ్ చేసిన పని అదే. ఏదీ విరగలేదు, నిజమే. తిరిగింది.

నాలుగు డిగ్రీలకే ఇంత గొడవా అని యజమాని అడిగాడు. లెక్క చూస్తే నమ్మకం కలుగుతుంది. హోవర్‌లో ఒక్కో మోటార్ మోసేది సుమారు కిలో. 4 డిగ్రీలు వాలితే అందులో 7 శాతం, అంటే 70 గ్రాముల బలం పక్కకు పోతుంది. ఆ బలం పనిచేసేది ఆర్మ్ చివర, మధ్యనుంచి 32 సెంటీమీటర్ల దూరంలో. క్వాడ్‌కు యా తిప్పే బలం ప్రాప్‌లు గాలిని కోసేటప్పుడు వచ్చే ఎదురుదెబ్బ నుంచే రావాలి, అది చాలా బలహీనం. ఈ సైజు ప్రాప్‌తో చూస్తే, వాలిన ఆ ఒక్క మోటార్ పెట్టే మెలి, ఒక మొత్తం ప్రాప్ ఇచ్చే ఎదురుదెబ్బ కంటే ఎక్కువ. అందుకే రెండు జతల మధ్య అంత తేడా.

గొట్టాన్ని తిప్పి సరిచేసి, క్లాంప్ స్క్రూలకు థ్రెడ్ లాకర్ వేసి బిగించాం. గొట్టానికీ క్లాంప్‌కూ కలిపి పెయింట్ పెన్‌తో ఒక గీత గీశాం. నాలుగు ఆర్మ్‌లకూ గీశాం.

మూల కుంగడం: దాదాపు ఇదే అనిపించే వేరే లోపం

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కుంగినప్పుడు కూడా డ్రోన్ ఎడమకు తిరుగుతోంది కాబట్టి, ఆర్మ్ సరిచేశాం, రెండూ పోయినట్టే అనుకుంటారు. కాని లాగ్ వేరే చెబుతోంది.

యా చాలకపోతే 1, 2 రెండూ కలిసి పైకప్పును తాకుతాయి. కుంగిన క్షణంలో గీతలు అలా లేవు. 1 ఒక్కటే 1950కి ఎగిసింది. దాని ఎదురు మూల ఉన్న 2 మాత్రం 1200 వైపు పడిపోయింది. అదే క్షణంలో కోరిన రోల్ సున్నా దగ్గర ఉంటే అసలు రోల్ కుడికి పడుతోంది, పిచ్ ముందుకు పడుతోంది. కంట్రోలర్ ముందు కుడి మూలను లేపమని పూర్తి బలంతో అరుస్తోంది, వెనుక ఎడమను తగ్గిస్తోంది, అయినా మూల లేవడం లేదు. ఆదేశం వెళ్తోంది, థ్రస్ట్ రావడం లేదు. అపసవ్యంగా తిరిగే మోటార్ ఒకటి చేతులెత్తేస్తే బాడీని కుడికి తోసే బలం తగ్గి ముక్కు ఎడమకే పోతుంది. అందుకే రెండు లోపాలూ బయటినుంచి చూసేవాడికి ఒకేలా కనబడ్డాయి. విడదీసింది మోటార్ 2 గీత.

ఇక 1 మోటార్ దారిలో లోపం ఎక్కడ? ప్రాప్, మోటార్, ఈఎస్‌సీ (మోటార్‌కు కరెంట్ ఇచ్చి దాని వేగాన్ని నడిపే సర్క్యూట్), వాటి మధ్య వైర్లు. ప్రాప్ నట్టు గట్టిగానే ఉంది, హబ్‌లో పగులు లేదు. మోటార్‌ను వేలితో తిప్పితే అయస్కాంతాల తడబాటు తప్ప గరగర లేదు, షాఫ్ట్ పైకీ కిందికీ ఆడటం లేదు. మోటార్ అడుగున బిగించే స్క్రూలు మరీ పొడవైతే లోపలి వైండింగ్‌ను తాకి షార్ట్ చేస్తాయి. అవి కూడా విప్పి కొలిచాం, సరైన పొడవే. మల్టీమీటర్‌తో మూడు వైర్ల మధ్య రెసిస్టెన్స్ కొలిచి మోటార్ బాగుందని తేల్చేవాళ్ళున్నారు. ఈ సైజు మోటార్ల వైండింగ్ రెసిస్టెన్స్ మిల్లీఓమ్‌లలో ఉంటుంది, మామూలు మీటర్‌కు అది అందదు. మీటర్ చూపించేది ఎక్కువగా దాని సొంత వైర్ల రెసిస్టెన్సే.

ఈఎస్‌సీ సింక్ తప్పుతోందా అన్నది పెద్ద అనుమానం. బ్రష్‌లెస్ మోటార్‌కు ఈఎస్‌సీ సరైన క్షణంలో ఫేజ్ మార్చాలి. థ్రాటిల్ ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ తాళం తప్పితే మోటార్ ఒక క్షణం తడబడి ఆగి మళ్ళీ పట్టుకుంటుంది. లాగ్‌లో అచ్చం ఇలాగే కనబడుతుంది. కానీ సింక్ తప్పడం సాధారణంగా థ్రాటిల్ ఉన్నట్టుండి పెరిగిన చోటే వస్తుంది. ఇక్కడ కుంగుళ్ళలో కొన్ని నిదానంగా పోతున్నప్పుడు, థ్రాటిల్ కదలకుండా ఉన్నప్పుడు వచ్చాయి. అందుకే ఈఎస్‌సీ సెట్టింగుల జోలికి పోకుండా ముందు వైర్లు పట్టుకున్నాను.

మూడు ఫేజ్ వైర్లనూ ఒక్కొక్కటిగా వేళ్ళతో లాగి చూశాను. మధ్యదాని దగ్గర హీట్ ష్రింక్ కింద ఏదో కదిలినట్టు అనిపించింది. బ్లేడుతో చీల్చి తీస్తే బుల్లెట్ కనెక్టర్ గిన్నెలో సోల్డర్ బూడిద రంగులో, గరుకుగా, పైన సన్నటి వలయాకారపు పగులుతో ఉంది. వైర్ పోగుల్లో సగం నల్లబడ్డాయి. కొంచెం మెలిపెట్టగానే వైర్ గిన్నెలోంచి ఊడి చేతికొచ్చింది. సోల్డర్ లోపలికి పారలేదు, పైన మాత్రం టోపీలా కూర్చుంది. మందపాటి వైర్‌కు సరిపడా వేడి ఇవ్వని ఐరన్‌తో చేస్తే ఇలాగే అవుతుంది. నేల మీద నిలబెట్టి తిప్పితే బాగానే పనిచేస్తుంది. గాల్లో ఆర్మ్ వణికినప్పుడు, జాయింటు వేడెక్కినప్పుడు ఒక ఫేజ్ క్షణం పాటు తెగుతుంది. మూడు ఫేజ్‌లలో ఒకటి లేని మోటార్ లాగలేదు.

పన్నెండు జాయింట్లూ తీసి మళ్ళీ వేశాం. మరో రెండు చోట్ల కూడా సోల్డర్ లోపలికి సరిగ్గా దిగలేదు, అవి ఇంకా వదులవ్వలేదంతే.

దానంతట అది పైకి ఎగబాకడం

దీన్ని బారోమీటర్ మీద తోసేయడం మామూలు. వేగంగా పోయేటప్పుడు కంట్రోలర్ పెట్టెలోకి గాలి దూరి ఒత్తిడి మారితే ఎత్తు లెక్క తప్పుతుంది, అది నిజమే. బారోమీటర్ మీద స్పాంజ్ ముక్క ఉండాలనడం అందుకే. చూశాను, ఉంది. లాగ్‌లో బారోమీటర్ ఎత్తు కూడా నిజం చెబుతోంది: డ్రోన్ ఎక్కుతుంటే ఎక్కుతున్నట్టే చూపించింది. ఎక్కలేదని చెప్పింది ఈకేఎఫ్. సెన్సార్లన్నింటి మాటా విని యంత్రం ఎక్కడుంది, ఎంత వేగంతో కదులుతోంది అని లెక్కగట్టే భాగం అది. కోరిన ఎత్తు, ఈకేఎఫ్ ఎత్తు అతుక్కుని పోతున్నాయి. బారోమీటర్ గీత వాటిని వదిలి పైకి పోతోంది.

ఈకేఎఫ్ అంతగా మోసపోవాలంటే కారణం యాక్సిలరోమీటర్ (వేగంలో మార్పును కొలిచే సెన్సార్). వైబ్రేషన్ గ్రాఫ్ తీస్తే, హోవర్‌లో నిలువు దిశలో 25 మీ/సె² దగ్గర, వేగంగా పోయేటప్పుడు 45 దాటి ఉంది. ఆర్డుపైలట్‌లో 30 లోపు ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. 30 దాటితే అనుమానించాలి, 60 దాటితే దాదాపు ఖాయంగా గొడవే. దీనితోపాటు క్లిప్ లెక్క కూడా పెరుగుతోంది. సెన్సార్ 16 జీ (భూమ్యాకర్షణకు 16 రెట్లు) వరకే కొలవగలదు, అంతకు మించిన కుదుపు వస్తే పైన కోసేసినట్టు అవుతుంది. ఒకవైపు కోత ఎక్కువైతే సగటు పక్కకు జరుగుతుంది. డ్రోన్ కిందికి పడుతోందని లెక్క తేలుతుంది, కంట్రోలర్ థ్రాటిల్ పెంచుతుంది. వైబ్రేషన్ వల్ల వచ్చే ప్రమాదాల్లో ఇది అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే పైలట్ థ్రాటిల్ తగ్గిస్తున్నా లాయిటర్, ఆల్ట్ హోల్డ్ మోడ్‌లలో అది ఎక్కుతూనే పోవచ్చు. ఆ పరిస్థితిలో ఎత్తును తానే పట్టుకోవాలని చూసే మోడ్ వదిలేసి, థ్రాటిల్ పూర్తిగా పైలట్ చేతిలో ఉండే స్టెబిలైజ్‌కు మారాలి. ప్రతి పైలట్ దీన్ని ముందే సాధన చేసి ఉంచుకోవాలని నా పట్టుదల.

వదులైన 2వ ఆర్మ్ క్లాంప్ కొంత కారణం, అది సరిచేశాక ఈ అంకె తగ్గింది, కానీ సరిపడా తగ్గలేదు. కంట్రోలర్ కూర్చున్న ప్లేటు నాలుగు రబ్బరు బంతుల మీద ఉంది. దాని మీద వేలితో నొక్కితే మెత్తగా దిగి లేవాలి. ఇది దిగలేదు. పెద్ద బ్యాటరీ పెట్టినప్పుడు చక్కగా కనబడాలని వైర్లన్నీ కట్టగట్టి, కేబుల్ టైతో కంట్రోలర్‌నూ ఫ్రేమ్‌నూ కలిపి బిగించేశారు. రబ్బరు బంతులు ఉన్నా లేనట్టే. కుదుపు వైర్ల కట్ట గుండా నేరుగా కంట్రోలర్‌కు చేరుతోంది. నీటుగా సర్దిన వైరింగ్ చూస్తే నాకు ముచ్చటే, కానీ కంట్రోలర్ దగ్గర మాత్రం వైర్లు కాస్త వదులుగా, వంపు తిరిగి ఉండాలి. టైలు కత్తిరించి, మెత్తటి సిలికాన్ వైర్లు వేశాం. అప్పుడు ప్లేటు వేలి కింద దిగింది.

చుట్టలు తిరగడం

యజమాని అనుమానం మొదటినుంచీ కంపాస్ మీదే, అది తప్పు కాదు. లాయిటర్‌లో పెరుగుతూ పోయే చుట్టలు కంపాస్ తప్పుకు గుర్తే. డ్రోన్ తూర్పుకు జరిగింది, పడమరకు తోయాలి అని కంట్రోలర్‌కు జీపీఎస్ చెబుతుంది. తన ముక్కు ఎటుందో తప్పుగా తెలిస్తే, పడమరకు అనుకుని వాయవ్యానికి తోస్తుంది. మళ్ళీ సరిచేస్తుంది, మళ్ళీ అంతే కోణంలో తప్పు. ఈ తప్పులన్నీ కలిసి చుట్ట అవుతాయి.

మరి అన్నిసార్లు కాలిబ్రేట్ చేసినా ఎందుకు పోలేదు? కాలిబ్రేషన్ చేసేటప్పుడు మోటార్లు ఆగి ఉంటాయి. డ్రోన్‌ను చేత్తో పట్టుకుని తిప్పుతారు. అప్పుడు వైర్లలో కరెంట్ దాదాపు లేదు. ఇక్కడ తప్పు పుట్టేదే కరెంట్ పారినప్పుడు. లాగ్‌లో మూడు అక్షాల విలువలూ కలిపి మొత్తం అయస్కాంత క్షేత్రం గీస్తే, నేల మీద 400 మిల్లీగాస్ (40 మైక్రోటెస్లా) దగ్గర, హోవర్‌లో 480, గట్టిగా ఎక్కేటప్పుడు 560 పైన. దాని కింద బ్యాటరీ కరెంట్ గ్రాఫ్ పెడితే రెండూ ఒకే కొండ, ఒకే లోయ. డ్రోన్ ఎటు తిరిగినా ఆ మొత్తం మారకూడదు. కరెంట్‌తో పాటు మారిందంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. గాలిలో, కెమెరాతో ఎక్కువ ఎందుకో కూడా తెలిసిపోయింది: అప్పుడు కరెంట్ ఎక్కువ.

పెద్ద బ్యాటరీ కనెక్టర్ వేరే వైపు వచ్చింది. ఎరుపు వైర్ ఒకవైపు నుంచి, నలుపు వైర్ జీపీఎస్ స్తంభం చుట్టూ ఇంకోవైపు నుంచి వేశారు. హోవర్‌లో ఈ యంత్రం సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది. ఒంటరి వైర్‌లో 20 ఆంపియర్లు పారితే 10 సెంటీమీటర్ల దూరంలో 40 మైక్రోటెస్లా క్షేత్రం వస్తుంది. భూమి అయస్కాంత క్షేత్రమే చోటును బట్టి 25 నుంచి 65. రెండు వైర్లూ పక్కపక్కనే పోతే ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి చాలావరకు కొట్టేస్తుంది, మెలేస్తే ఇంకా మేలు. జీపీఎస్ మార్చినా ఫలితం లేకపోవడానికి కారణం అదే. కంపాస్ ఉండేది జీపీఎస్ మాడ్యూల్‌లోనే, కొత్త కంపాస్‌ను కూడా అదే వైర్ పక్కన కూర్చోబెట్టారు.

ఎరుపు, నలుపు రెండూ మెలేసి అడుగు ప్లేటు కిందినుంచి పోనిచ్చాం. తర్వాత కంపాస్‌మాట్ పరీక్ష చేశాం. ఇందులో ప్రాప్‌లు తిరుగుతూ ఉండగానే కంపాస్ ఎంత చెదురుతోందో కొలుస్తారు. ప్రాప్‌లను బోర్లించి, ఒక్కో మోటార్ చొప్పున పక్కకు మార్చి పెడితే అవి యంత్రాన్ని లేపకుండా కిందికి నొక్కుతాయి. అలా పెట్టాక కూడా డ్రోన్‌ను కట్టేయాలి, ఎవరూ దగ్గర నిలబడకూడదు. ఈ ఒక్కటి తప్ప బెంచీ మీద ఏ పరీక్షకూ ప్రాప్‌లు ఉండకూడదు. చెదురు 30 శాతం లోపు ఉంటే పర్వాలేదు, 60 దాటితే పనికిరాదు. వైర్లు మార్చకముందు చేస్తే 60 దాటింది. మార్చాక 20 శాతం చుట్టుపక్కల వచ్చింది.

దించేటప్పుడు ఊగడం

దీనికి రిపేరు లేదు. గాలి లేనప్పుడు నిట్టనిలువుగా, వేగంగా దింపితే డ్రోన్ తాను కిందికి తోసిన గాలిలోకే దిగుతుంది. ప్రాప్‌లకు పట్టు దొరకదు, ఊగుతుంది. హెలికాప్టర్లకూ ఇదే బాధ. ఏటవాలుగా, కాస్త ముందుకు జరుగుతూ దింపమని, దిగే వేగం తగ్గించమని చెప్పాను. “అయితే ఇది లోపం కాదా?” అని ఆయన కాస్త నిరాశపడినట్టే అడిగాడు.

పీఐడీ విలువలు

మా దగ్గరికి రాకముందు ఎవరో వణుకు తగ్గించడానికి రోల్, పిచ్ రేట్ పీ విలువలను ఆర్డుపైలట్ మొదటి విలువ అయిన 0.135 నుంచి దాదాపు సగానికి తగ్గించారు. వణుకు నిజంగానే తగ్గినట్టు కనబడింది. దానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, మూల కుంగినప్పుడు కంట్రోలర్ నెమ్మదిగా స్పందించి, డ్రోన్ మరింత లోతుగా ఒరిగేది. యజమాని గుండె ఆగినంత పని చేసింది సగం సోల్డర్, సగం ఈ ట్యూనింగ్. వణుకుతున్న యంత్రానికి గెయిన్ (ఈ పీ లాంటి విలువలు) తగ్గించడం నాకు అస్సలు నచ్చని వైద్యం. ముందు మెకానికల్, తర్వాత ఎలక్ట్రికల్, ఆ తర్వాతే ట్యూనింగ్. ఈ వరస తలకిందులైతే ప్రతి మార్పూ ముందున్న లోపానికి ముసుగు వేస్తుంది.

విలువలను మొదటి అంకెలకు తెచ్చి, స్టెబిలైజ్‌లో తక్కువ ఎత్తులో హోవర్ చేయించి, వైబ్రేషన్ స్పెక్ట్రమ్ రికార్డు చేశాం. 65 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం, 130 దగ్గర చిన్నది ఇంకొకటి. 15 అంగుళాల ప్రాప్ నిమిషానికి 3900 చుట్లు తిరిగితే 65 హెర్ట్జ్, రెండు బ్లేడ్లు కాబట్టి 130. అంటే మిగిలింది ప్రాప్ సహజంగా చేసే కుదుపే. హార్మోనిక్ నాచ్ ఫిల్టర్‌ను (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీ, దాని గుణిజాల దగ్గరి కుదుపును తీసేసేదాన్ని) 65 దగ్గర పెట్టి, థ్రాటిల్‌ను బట్టి కదిలేలా చేశాం. ఈ ఫిల్టర్ వదులైన క్లాంప్ మీద పెట్టి ఉంటే గ్రాఫ్ అందంగా ఉండేది, ఆర్మ్ తిరుగుతూనే ఉండేది. పైగా ఇది గైరోకు (తిరిగే వేగాన్ని కొలిచే సెన్సార్‌కు) పనిచేస్తుంది గానీ యాక్సిలరోమీటర్ క్లిప్పింగును ఆపదు.

తిరిగి ఎగిరాక

మార్పులన్నీ ఒకేసారి చేసి ఎగరేయలేదు. ఆర్మ్, సోల్డర్ పూర్తయ్యాక ఒకటి, వైర్లు వదులు చేశాక ఒకటి, కంపాస్ అయ్యాక ఒకటి, ఇలా విడివిడిగా లాగ్‌లు తీశాం. ఏ మార్పు ఏ అంకెను కదిలించిందో తెలియాలంటే ఇంకో దారి లేదు. చివరి లాగ్‌లో హోవర్‌లో నాలుగు మోటార్లూ 30 తేడా లోపల ఉన్నాయి. నిలువు వైబ్రేషన్ వేగంలో కూడా 20 దాటలేదు, క్లిప్ లెక్క సున్నా దగ్గరే ఆగింది. గట్టిగా ఎక్కించినా ముక్కు కదల్లేదు. గాలి ఉన్న పూట కెమెరాతో లాయిటర్‌లో వదిలేస్తే ఉన్నచోటే నిలబడింది. ఆటోట్యూన్ (డ్రోన్ తన పీఐడీ విలువలను ఎగురుతూ తానే వెతుక్కోవడం) ఆ తర్వాత చేశాం.

ఎప్పుడో గానీ రాని కుంగుడు పోయిందని నిరూపించడం మాత్రం కష్టం. రాకపోవడం వేరు, పోవడం వేరు. అందుకే యజమానితో ఇలా ఒప్పందం: కొన్నాళ్ళ పాటు ప్రతి ఫ్లైట్ లాగ్‌లో మోటార్ 1, మోటార్ 2 గీతలను పక్కపక్కన పెట్టి చూడాలి, ఎక్కడైనా ఒకటి పైకీ ఒకటి కిందికీ విడిపోతే అదే రోజు ఎగరడం ఆపాలి. ఎగరేముందు నాలుగు క్లాంప్‌ల మీది పెయింట్ గీతలు కలిసి ఉన్నాయో లేదో చూడాలి, కంట్రోలర్ ప్లేటును వేలితో ఒకసారి నొక్కాలి. ఇప్పటిదాకా వచ్చిన లాగ్‌లలో గీతలు విడిపోలేదు. పాత జీపీఎస్ మాడ్యూల్‌ను మేం పరీక్షించి చూశాం. అది బాగానే పనిచేస్తోంది, స్పేర్‌గా ఆయన పెట్టెలో ఉంది.